మారిషస్ ద్వీపమున మా భోజనములు



దూరప్రయాణము తలపెట్టినప్పుడు మగవారు బండ్ల వేళలు, టిక్కెట్ల వెలలు చూచుకొందురు. పిల్లలు సముద్రము ఎంత దగ్గరగా నుండునని అడుగుదురు. మనకు మాత్రము మొదట తోచు ప్రశ్న వేరు: "అక్కడ తినుటకు ఏమి దొరకును?" ఈ ప్రశ్న అడిగినందుకు మనలను తిండిమీద ధ్యాస గలవారని పరిహసించువారు కలరు. కాని ఇంటిల్లపాదికి రెండుపూటల కడుపునింపు భారము మోయువారికి అది సహజమైన ప్రశ్నయే. గడచిన ఆషాఢమాసమున మేము మారిషస్ ద్వీపమునకు విహారార్థమై పోయినప్పుడు ఈ ప్రశ్నను ముందుగా వేసికొనమైతిమి. అందువలన చేసిన తప్పును, దానిని దిద్దుకొన్న విధమును మీకు విన్నవించుచున్నాము.

మాది కాకినాడ. బయలుదేరినవారము నలుగురము: మేము దంపతులము, పదేండ్ల మా అబ్బాయి, డెబ్బదియేండ్ల మా అత్తగారు. మా మామగారు గతించిన నాటినుండి అత్తగారు నీచు ముట్టరు. గ్రుడ్డు తగిలిన పదార్థము కూడ వారికి పనికిరాదు. తక్కిన మేము మువ్వురము చేపలు తినువారమే. ఈ భేదము ఇంటిలో ఎన్నడును చిక్కు తెచ్చిపెట్టలేదు. రెండు పొయ్యిలున్నవి గదా! పరదేశమున పొయ్యి మన చేతిలో నుండదను మాట మాకు తోచలేదు.

మారిషస్ హిందూమహాసముద్రమున మడగాస్కరు దీవికి తూర్పుగా నున్నది. పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 45 కిలోమీటర్లు. నడుమ నల్లని కొండలు, చుట్టును పగడపు దిబ్బలు, కొండలకును సముద్రమునకును మధ్య కనుచూపుమేర చెరకుతోటలు. మనకు ఆషాఢమైనప్పుడు వారికి చలికాలము. చలి యనగా మన కార్తికమాసపు ప్రాతఃకాలము వంటిది, అంతే. డచ్చివారు 1598లో ఈ దీవికి తమ రాకుమారుని పేరు పెట్టిరి. 1715లో ఫ్రెంచివారు, 1810లో ఇంగ్లీషువారు దీనిని వశపరచుకొనిరి. 1968 మార్చి 12వ తేదీన ఇది స్వతంత్రమయ్యెను. ఫ్రెంచివారు, ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారు, మన దేశపు కూలీలు, చీనా వర్తకులు — వీరందరి వంటలును ఇక్కడ ఒకే వీధిలో ప్రక్కప్రక్కన ఉడుకుచుండును. ఇది మాకు తరువాత తెలిసిన సంగతి.

మొదటి రెండుదినములును మేము ఉత్తరపుటంచున గ్రాండ్ బే యను తీరమున ఒక పెద్ద బసలో నుంటిమి. దాని పేరు చెప్పవలసిన పనిలేదు. గదులు శుభ్రముగా నుండెను. కిటికీ తీసినచో నీలిసముద్రము కనబడుచుండెను. భోజనశాలలో తెల్లని గుడ్డలు పరచిన బల్లలమీద ముప్పది రకముల వంటకములు పేర్చియుండిరి. వాని ముందున్న చీటీలపై పేర్లు ఉండెనుగాని, వానిలో ఏమేమి పడినదో మాకు బోధపడలేదు. మొదటి రాత్రి "కూరగాయల పులుసు" అను చీటీ చూచి అత్తగారికి ఒక గిన్నెడు తెచ్చియిచ్చితిమి. వారు రెండు చెంచాలు త్రాగి, మూడవ చెంచాలో ఎండురొయ్య కనబడగా గిన్నె మెల్లగా ప్రక్కకు నెట్టిరి. మేము అడుగగా, "ఏమీ లేదులే అమ్మాయీ, నాకు ఆకలిగా లేదు. మీరు తినండి" అనిరి. మరునాడు రెండుపూటలును అదియే మాట. నమ్ముట మాకు సులభముగా నుండెను గనుక నమ్మితిమి. మావారును అబ్బాయియు వేపుడుచేపలను మెచ్చుకొనుచుండగా, మేమును వారితోపాటు తృప్తిగా తింటిమి.

మూడవనాటి ఉదయమున గది తుడుచుటకు వచ్చిన స్త్రీ, చెత్తబుట్ట చేతబట్టుకొని మావైపు చూచి, తనకు వచ్చిన హిందీలో, "మీ పెద్దమ్మగారు పండ్లు తప్ప మరేమియు తినరా?" అని అడిగెను. ఆ బుట్టనిండ అరటితొక్కలు! ప్రక్కగదిలోనికి పోయి చూడగా అత్తగారు మంచముపై గోడ కానుకొని కూర్చుండి యున్నారు. లేవబోగా కన్నులు తిరిగినవని, గోడ పట్టుకొంటినని చెప్పిరి. "పిల్లాడు సరదాపడుతున్నాడు. నా తిండిగోల ఎందుకని ఊరుకున్నాను" అనిరి. రెండుదినములు ఒక ముసలిదానిని పస్తుపెట్టి, ఆమె యెదుటనే కూర్చుండి మేము భుజించితిమి. గడప దాటిన విహారములో ఇంటి పెద్దదిక్కు ఆకలి కనిపెట్టినది మేము కాదు, గది తుడుచు మనిషి. ఆ సిగ్గు ఇప్పటికిని మాకు తీరలేదు.

ఆనాడు మరియొక పని పెట్టుకొనక, అత్తగారికి మంచి భోజనము దొరకు చోటు వెదకుటే మా పని యనుకొంటిమి. మొదట మావారు బసలోని గుమాస్తాను అడిగిరి. అతడు నాలుగైదు పెద్దపెద్ద పూటకూళ్ళ ఇండ్ల పేర్లు చెప్పెను. అన్నియు మా బస వంటివే. అప్పుడు గది తుడుచు స్త్రీనే అడిగితిమి: "అమ్మా, నీవు ఎక్కడ తిందువు?" ఆమె నవ్వి, "నేనా? నేను దాల్‌పూరీ తింటాను" అనెను. పిమ్మట మూడు మాటలు చెప్పెను. పనిబట్టలతో నున్నవారు వరుసకట్టి నిలిచిన అంగడికి పొమ్మనెను. అన్నియు అమ్ము చోటికంటె ఒకటే వంటకము అమ్ము చోట అది బాగుండుననెను. మధ్యాహ్నము దాటకమునుపే పొమ్మనెను. ఏలయనగా మంచివారి పిండి ముందుగా అయిపోవును. ఈ మూడు సూత్రములును మేము ఆ దీవిలో గడిపిన తక్కిన దినములన్నిటను మమ్ము కాపాడినవి. ఏ దేశమునకు పోయినను ఇవి పనికివచ్చునని మా నమ్మకము.

ఆమె మాకు ఒక వాక్యము కూడ నేర్పెను. ఆ దీవివారు ఫ్రెంచినుండి పుట్టిన క్రియోల్ అను భాష మాటలాడుదురు. అందులో "మో పా మాంజ్ లావ్యాన్" అనగా "నేను మాంసము తినను" అని అర్థము. చేపకు "ప్వాసోఁ" అనియు, గ్రుడ్డుకు "దిజెఫ్" అనియు పేర్లు. ఈ మూడింటిని విడివిడిగా చెప్పవలెను; మాంసము వద్దన్నంతమాత్రమున చేప మానరు. అబ్బాయి దానిని దారిపొడుగునను పాటవలె వల్లించెను.

బస్సెక్కి చెరకుతోటల నడుమగా పోయి రాజధానియైన పోర్ట్ లూయిస్ చేరితిమి. అచ్చటి పెద్ద మార్కెట్టులో అడుగుపెట్టగనే అత్తగారు ఆగిపోయిరి. ఎదుట కొత్తిమీర కట్టలు! వాసన చూచి, "కొత్తిమీర" అనిరి. అంగడివాడు తల యూపి, "కోతోమిలి" అనెను. అటనుండి ముందునకు మేము వారిని నడిపింపలేదు. వారే మమ్ము నడిపించిరి. కరివేపాకును చూపగా "కరిపులే" అనిరి. మునగాకును "బ్రెద్ మురుం" అనిరి. బ్రెద్ యనగా ఆకుకూర. చేమాకు, పొట్లకాయ, సొరకాయ, కాకరకాయ, బెండకాయ అన్నియు కుప్పలుగా నుండెను. బీరకాయకు "పిపంగాయ్" అని పేరట! "మన బీరకాయ ఓడెక్కి పేరు మార్చుకుంది" అని అత్తగారు నవ్విరి. మూడుదినముల తరువాత వారు నవ్వుట అదియే మొదటిసారి.

దాల్‌పూరీ అమ్ము అంగడి యొకటి వరుసనుబట్టి తెలిసికొంటిమి. కచ్చేరి గుమాస్తాలు, బడిపిల్లలు, మూటలు మోయువారు, చంటిబిడ్డ నెత్తుకొన్న యొక తల్లి — అందరును ఒకే వరుసలో నిలిచియుండిరి. అంగడిలో నడివయసు స్త్రీ యొకతె గుడ్డ కప్పిన గంపలోనుండి పూరీలు తీసి, రెండేసి చొప్పున అరచేతిలో పరచి, వానిపై పెద్దచిక్కుడుగింజల కూర, "రుగాయ్" అను టమాటా కూర, కొత్తిమీర పచ్చడి, ఆవపిండియు పసుపును వేసిన కూరగాయల ఊరగాయ గబగబ రాచి, కాగితములో చుట్టి ఇచ్చుచుండెను. పేరు పూరీయే గాని నూనెలో వేచినది కాదు, పెనముమీద కాల్చినది. గోధుమపిండి లోపల ఉడికిన పప్పుపొడి కూరి, అప్పడమంత పలుచగా వత్తుదురు.

మా అబ్బాయి తన వాక్యమును అప్పగించెను. ఆమె నవ్వి, తన గంపను చూపుచు, ఇక్కడ మాంసము లేదు, చేప లేదు, గ్రుడ్డు లేదని హిందీలో చెప్పెను. అత్తగారు ఒక పూరీని విప్పి, అంచు త్రుంచి నోట వేసికొనిరి. కన్నులు మూసికొని నమలిరి. పిమ్మట, "అమ్మాయీ, ఇది బెల్లం వెయ్యడం మరచిపోయిన బొబ్బట్టే!" అనిరి. ఆ మాటకు మాకు నవ్వును కన్నీరును కలిసివచ్చినవి. ఆపూట వారు నాలుగు పూరీలు తినిరి. కడపటి దానిలో మిరపపచ్చడి ఎక్కువగా వేయించుకొనిరి.

అంగడి యామె మా భాష యేదని అడిగెను. తెలుగని చెప్పగా ఆమె చేయి ఆపి మావైపు చూచి, తన తల్లివైపు వారు తెలుగువారేయనియు, అమ్మమ్మ చిన్ననాట రామభజనలు పాడుట విన్నాననియు, తనకు మాత్రము నాలుగైదు మాటలే వచ్చుననియు చెప్పెను. "నీళ్ళు", "అన్నము", "అమ్మ", "రా" — అని వ్రేళ్ళమీద లెక్కించెను. అత్తగారు ఆమె చేతులను పట్టుకొని, "ఆకలి వేసినవాడికి ఈ మాటలు చాలును తల్లీ" అనిరి. ఆమెకు అర్థమైనదో లేదో మాకు తెలియదు. ఇంకొక పూరీ చుట్టి వారి సంచిలో పెట్టి, దానికి వెల పుచ్చుకొనలేదు.

మా ఊరికి దగ్గరనున్న కోరంగి రేవు పేరు ఇచ్చట నిలిచియున్నదని మాకు ఆనాడే తెలిసినది. ఆ రేవునుండి ఓడలెక్కి వచ్చిన తెలుగువారిని ఈ దీవిలో పూర్వము "కోరంగీలు" అని పిలిచెడివారట. మార్కెట్టునకు కొంచెము దూరముననే ఆప్రవాసీ ఘాట్ అను స్థలమున్నది. బానిసత్వము 1835లో రద్దయినది. చెరకుతోటలలో పనికి 1834 మొదలు 1920 వరకు మన దేశమునుండి దాదాపు 5 లక్షలమందిని ఒప్పందపు కూలీలుగా తెచ్చిరి. వారిని దించి, పేర్లు వ్రాసికొన్న కట్టడము శిథిలములు అక్కడ కలవు. 2006లో దీనిని ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించిరి. ఓడరేవునుండి పైకెక్కు రాతిమెట్లు 16 ఉన్నవి. వంటశాల యుండిన చోటు కూడ చూపిరి. మగకూలీకి నెలకు 5 రూపాయల జీతము, బియ్యము, పప్పు, ఉప్పు మొదలగు బత్తెము ఇచ్చునట్లు ఒప్పందములు ఉండెడివట.

అత్తగారు ఆ రాళ్ళ నడుమ చాలసేపు నిలిచి, "పొయ్యి ఎక్కడ ఉండేదమ్మాయీ?" అని అడిగిరి. మాకు తెలియలేదు. మేమందరము మెట్లను, గోడలను చూచుచుంటిమి. వారు పొయ్యిని వెదకుచుండిరి. తెలియని దేశమున, భాష రాని వారి నడుమ, బత్తెపు పప్పును నానవేసి, ఉడికించి, పొడిచేసి, పిండిలో కూరి, పొలమునకు మూటకట్టి పంపిన యిల్లాండ్ర పేర్లు ఏ పుస్తకములో వ్రాసికొనిరో! ఆ దాల్‌పూరీ బీహారు ప్రాంతపు వారి వంట యందురు. కొత్తిమీరకును కరివేపాకునకును నిలిచిన పేర్లు దక్షిణాదివి. ఇల్లు వేరైనను ఒక పెనముమీదికి అవి చేరినవి. మాట మరచిన మనుమరాలి చేతిలోను రుచి నిలిచియున్నది.

తక్కిన దినములలో మేము బసలో పడుకొనుటయే గాని తినుట మానితిమి. తెలిసికొన్న సంగతులను కొన్ని వ్రాసెదము, పోదలచినవారికి పనికివచ్చును.

ఉదయపు ఫలహారమునకు "గాతో పిమా" అను మిరపవడలు మంచివి. అవి మన పప్పువడలే. పప్పు నానవేసి రుబ్బి, పచ్చిమిరపకాయలు, ఉల్లికాడలు కలిపి చిన్నచిన్నవిగా వేయుదురు. అచ్చటివారు వానిని వెన్న రాచిన రొట్టె నడుమ పెట్టుకొని తిందురు. వేడిగా తీయుచున్నప్పుడే కొనవలెను. మన పరోటా వంటిదానిని "ఫరాటా" అందురు. ఎండవేళ "అలూదా" అను పానీయము దొరకును. చల్లని పాలలో నానిన సబ్జాగింజలు, సముద్రపు నాచునుండి తీసిన జిగురుముక్కలు వేసి ఇత్తురు. అనాసపండును కాడతోకూడ చెక్కి, మిరపకారము, ఉప్పు, చింతపండు పులుసు అద్ది చేతికిత్తురు. మా అబ్బాయి దినమునకు రెండు తినెను.

సోమవారమున ఆగ్నేయతీరమందలి మహేబూర్ సంతకు పోవలెను. తూర్పువైపున ఫ్లాక్ అను ఊరిలో బుధవారమును ఆదివారమును పెద్ద సంత జరుగును. సంతనాడు ఆ ఊరి యిల్లాండ్రు ఎక్కడ నిలిచి తినుచున్నారో చూచిన చాలును. మరి విచారణ అక్కరలేదు. నైరుతిదిక్కున షమరెల్ కొండలలో కొందరు తమ యిండ్లలోనే బల్లలు వేసి భోజనము పెట్టుదురు. అట్టి చోట ముందునాడే కబురుచేసి, ఏమి తినమో చెప్పవలెను. చెప్పినచో శ్రద్ధగా వండుదురు. చెప్పనిచో వారి తప్పు లేదు.

చీనావారి అంగళ్ళలో వేపిన సేమ్యావంటి "మీన్" చాల రుచిగా నుండునని మావారి మాట. కాని శాకాహారులు జాగ్రత్తపడవలెను. బెంగుళూరు వంకాయతో చేసిన ఆవిరియుండలలో కూడ రొయ్య కలియుచుండును, పైకి కనబడదు. మేము ఎండురొయ్యచేత ఒకసారి బుద్ధి తెచ్చుకొన్నవారము గనుక అడుగక తినలేదు.

కడపటి ఆదివారమున, దాల్‌పూరీ అంగడియామె చెప్పిన గుర్తులనుబట్టి పోయి, అరటియాకులో వడ్డించు "సెత్ కారీ" అను ఏడుకూరల భోజనము చేసితిమి. పండుగలకును పెండ్లిండ్లకును హిందువుల యిండ్లలో వడ్డించు భోజనమది. గుమ్మడికాయ, పనసకాయ, చిక్కుడుగింజలు, ఆకుకూర, పచ్చళ్ళు, చారు — ఆ చారునకు "రసోఁ" అని పేరు. అత్తగారు ఆకు ముందు కూర్చుండి నీళ్ళు చల్లుకొని, చారుతో రెండవమారు అన్నము అడిగి వేయించుకొనిరి. వారు మారువడ్డన అడుగుట మేము చూచి చాలకాలమైనది.

ఈ దీవిలో తెలుగువారి చరిత్ర యింకను చాల కలదు. ఆంధ్ర మహాసభ ఉన్నది. ఉగాదినాడు దేశమంతటికిని సెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడనే జరిగినవి. వానిని గురించి తెలిసినవారు వ్రాయుదురు గాక. మేము వంటింటి మాటతోనే ముగించెదము.

ఇంటికి వచ్చిన వారమునకు అత్తగారు దాల్‌పూరీ చేయించిరి. విధానమిది: రెండు గిద్దెల శనగపప్పును నాలుగు గంటలు నానవేసి, చిటికెడు పసుపుతో ఉడికింపవలెను. వ్రేళ్ళనడుమ నలుగవలెనుగాని ముద్ద కారాదు. నీరు వార్చి దాచుకొని, పప్పు చల్లారిన పిమ్మట వేచిన జీలకఱ్ఱయు ఉప్పును చేర్చి పొడిపొడిగా విసరవలెను. ఆ వార్చిన నీటినే గోరువెచ్చగా పోసి మైదాపిండిని మెత్తగా కలిపి, ఒక గంట మూతపెట్టి, నిమ్మకాయంత ముద్దలో పప్పుపొడిని కూరి, పలుచగా వత్తి, నూనె రాచిన పెనముమీద ఇరువైపుల కాల్చవలెను. ఎఱ్ఱబడనీయరాదు, మెత్తగా మడతపడవలెను. గుడ్డలో చుట్టి యుంచినచో సాయంకాలము వరకు గట్టిపడవు.

మొదటి వాయి అత్తగారికే పెట్టితిమి. వారు ఎప్పటివలెనే, "నాకు ఆకలిగా లేదమ్మాయీ, ముందు పిల్లాడికి పెట్టు" అనిరి. ఈ మాటను మేమిప్పుడు వెంటనే నమ్ముట లేదు. పెనము దింపక, ప్రక్కన కూర్చుండి, మరల అడుగుచున్నాము.